కొత్త వ్యాపారానికి ఐడియా ఎలా వెతకాలి, దొరికింది పనికొస్తుందో లేదో ఎలా తేల్చుకోవాలి

"సొంతంగా ఏదో ఒకటి మొదలుపెట్టాలని ఉంది, కానీ ఐడియానే తట్టడం లేదు" అనేవాళ్ళు కొందరు. రోజుకొక ఐడియా తట్టి, దేని మీదా నెల రోజులు నిలబడలేనివాళ్ళు మరికొందరు. చూడటానికి వేరుగా ఉన్నా ఇద్దరి ఇబ్బందీ ఒకటే, ఇద్దరూ ఐడియాని తమ తలలోనే వెతుక్కుంటున్నారు. కూర్చుని ఆలోచిస్తే తట్టేవి సాధారణంగా చెప్పుకోవడానికి బాగుండే ఐడియాలు. జనానికి నిజంగా అవసరమైనవి జనం దగ్గరే దొరుకుతాయి, వాళ్ళు ఏదో ఒక పని కోసం ఇప్పటికే పడుతున్న తిప్పల్లో. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఒక ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: ఎవరు, దేనికోసం, ఇప్పటికే డబ్బో సమయమో శ్రమో ధారపోసి ఏదోలా నెట్టుకొస్తున్నారు? అది కనిపెట్టాలి, నిజమో కాదో తేల్చుకోవాలి, అందులో మీకేమైనా మిగులుతుందా అని లెక్క వేసుకోవాలి. పేరు, లోగో, వెబ్‌సైట్, విజిటింగ్ కార్డు లాంటివన్నీ ఆ తర్వాతే. నిజానికి చాలామంది వాటితోనే మొదలుపెడతారు, ఎందుకంటే అవి సరదాగా ఉంటాయి, ఎవరూ కాదనరు.

1. ముందు మీ చేతిలో ఏముందో రాసుకోండి

దీనికి అరగంట చాలు. ఆదాయం లేకుండా ఎన్ని నెలలు గడపగలరు? పూర్తిగా పోయినా ఇల్లు గడవడానికి ఇబ్బంది రాని డబ్బు ఎంత ఉంది? ఏ రంగం లోపలి సంగతులు మీకు బయటివాళ్ళకంటే బాగా తెలుసు? ఫోన్ చేస్తే ఎత్తి మాట్లాడేవాళ్ళు ఏయే వృత్తుల్లో ఉన్నారు? ఈ నాలుగూ ఒక కాగితం మీద ఉంటే తర్వాత చాలా ఐడియాలు వాటంతటవే రాలిపోతాయి. ఉదాహరణకు మీ దగ్గర ఆరు నెలలే ఉన్నాయనుకోండి, పెద్ద ఆస్పత్రులకో ప్రభుత్వ శాఖలకో అమ్మే ఐడియా ఎంత గొప్పదైనా మీకు కాదు. అక్కడ ఒక్క ఆర్డర్ తేలడానికే ఏడాది పట్టొచ్చు.

2. రెండు వారాలు తిప్పలు ఏరండి

ఐడియాలు రాసుకోవద్దు. తిప్పలు రాసుకోండి. ఫోన్‌లో నోట్స్ అయినా సరే, చిన్న పుస్తకం అయినా సరే, ఒక్కో తిప్పకి నాలుగు విషయాలు రాయండి: ఎవరికి వచ్చింది, ఎప్పుడు వస్తుంది, ఇప్పుడు దానికి ఏం చేస్తున్నారు, ఆ చేసేదానికి ఎంత ఖర్చవుతోంది. వీటిలో మూడోదే అన్నిటికంటే ముఖ్యం.

ఎందుకంటే జనం వెయ్యి విషయాల మీద ఫిర్యాదు చేస్తారు. ట్రాఫిక్ అంటారు, ఎండ అంటారు, నెట్ స్లో అంటారు, ఆ తర్వాత మర్చిపోతారు. ఫిర్యాదు చేసి ఊరుకునే చోట వ్యాపారం ఉండటం అరుదు. ఫిర్యాదు చేసి, ఒక ఎక్సెల్ షీట్ తయారుచేసుకుని, రోజూ అరగంట దాన్ని నింపుతూ, అది పాడైతే కంగారు పడేవాళ్ళు దొరికారనుకోండి, అక్కడ ఆగండి.

మంచి ఉదాహరణ ఒకటి. లండన్‌లో ఉండే ఇద్దరు ఎస్టోనియా స్నేహితులు, టావెట్ హిన్రికస్, క్రిస్టో కార్మన్. ఒకరికి జీతం యూరోల్లో వస్తుంది, ఖర్చులేమో పౌండ్లలో. రెండోవారికి జీతం పౌండ్లలో, ఎస్టోనియాలో ఇంటి అప్పేమో యూరోల్లో కట్టాలి. బ్యాంకుల్లో మార్చుకుంటే ఫీజూ పోతుంది, రేటులోనూ కోత పడుతుంది. దాంతో ఇద్దరూ ఆ రోజు అసలు మారకం రేటు ఎంతో చూసుకుని, ఒకరు రెండోవారి ఎస్టోనియా ఖాతాలో యూరోలు వేయడం, రెండోవారు మొదటివారి ఖాతాలో పౌండ్లు వేయడం మొదలుపెట్టారు. డబ్బు దేశం దాటనేలేదు, ఇద్దరి పనీ అయిపోయింది. 2011లో ట్రాన్స్‌ఫర్‌వైజ్ పేరుతో మొదలై ఇప్పుడు వైజ్‌గా నడుస్తున్న, దేశాల మధ్య డబ్బు పంపే కంపెనీ పుట్టింది ఈ సర్దుబాటులోంచే. గమనించాల్సింది ఏంటంటే, కంపెనీ పెట్టక ముందే వాళ్ళు ఆ పని చేతితో చేసుకుంటున్నారు. కంపెనీ వచ్చి దాన్ని తెలియనివాళ్ళ మధ్య కూడా జరిగేలా చేసింది, అంతే.

ఇలాంటివి ఎక్కడ కనిపిస్తాయంటే, మొదట మీరు పనిచేసే చోటే చూడండి. ఒక సిస్టమ్‌లో ఉన్న అంకెల్ని ఇంకో సిస్టమ్‌లోకి చేత్తో ఎక్కించే మనిషి ఎవరైనా ఉన్నారా? "ఈ పని ఆయనొక్కడికే తెలుసు, ఆయన సెలవు పెడితే అంతే" అనే పని ఏదైనా ఉందా? ఒకే రకం పనికి చాలా కంపెనీలు మనుషుల్ని తీసుకుంటున్నట్టు ఉద్యోగ ప్రకటనలు కనిపిస్తున్నాయా? ప్రకటన అంటే ఆ ఇబ్బందికి నెలనెలా జీతం ఇవ్వడానికి సిద్ధపడ్డారని అర్థం, అంతకంటే గట్టి సాక్ష్యం ఉచితంగా దొరకదు. ఇప్పటికే ఉన్న ఉత్పత్తుల రివ్యూలు కూడా చదవండి, కానీ ఒక స్టార్ రివ్యూలు కోపంలో రాసినవి, ఐదు స్టార్లవి ముచ్చటపడి రాసినవి. మూడు స్టార్లు ఇచ్చినవాళ్ళు వస్తువు వాడుతూనే, మానలేక, ఏది కుదరడం లేదో వివరంగా రాస్తారు. నాకు పనికొచ్చే సమాచారం ఎక్కువగా అక్కడే దొరికింది. కొత్త చట్టాలు, నిబంధనల మీద కూడా ఓ కన్నేయండి, నిన్నటిదాకా అవసరం లేని ఒక కాగితమో, తనిఖీయో రేపటినుంచి తప్పనిసరి అయితే వేలమందికి ఒకేసారి కొత్త తిప్ప మొదలవుతుంది.

నలుగురైదుగురు బోర్డు ముందు కూర్చుని "ఏ ఐడియా అయినా చెప్పండి" అనుకునే పద్ధతి మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. అందులో గొంతు పెద్దగా ఉన్నవాళ్ళ ఐడియా గెలుస్తుంది.

3. "ఇప్పుడే ఎందుకు?" అని అడగండి

రెండు వారాల తర్వాత మీ దగ్గర ఓ ఇరవై ముప్పై తిప్పలు పోగవుతాయి. కొన్నిటిని చూస్తే "ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే ఇన్నాళ్ళూ ఎవరూ చేయలేదా?" అనిపిస్తుంది. చేసే ఉంటారు, చాలావరకు. చేసి మూసేసి ఉంటారు. దానికి భయపడక్కర్లేదు, ఎందుకు మూసేశారో తెలుసుకుంటే చాలు, ఆ కారణం ఇంకా ఉందా పోయిందా అన్నదే ప్రశ్న.

అమెరికాలో వెబ్‌వాన్ అని ఒక కంపెనీ 1999లో ఇంటికి సరుకులు తెచ్చిచ్చే పని మొదలుపెట్టింది. సొంత గోదాములు, సొంత వాహనాలు, అన్నీ భారీగా కట్టుకుని 2001లో దివాలా తీసింది. అదే అవసరం మీద 2012లో ఇన్‌స్టాకార్ట్ వచ్చింది, గోదాములు కట్టకుండా, ఉన్న దుకాణాల్లోంచే మనుషులతో కొనిపించి ఇంటికి చేర్చింది. ఈ మధ్యకాలంలో ఏం మారిందంటే, అందరి జేబుల్లోకీ స్మార్ట్‌ఫోన్ వచ్చింది, కొనిపెట్టే మనిషికి ఆర్డర్ పంపడం, దారి చూపించడం, డబ్బు తీసుకోవడం అన్నీ అందులోనే అయిపోతున్నాయి. అవసరం పాతదే, కానీ దాన్ని తీర్చే ఖర్చు పడిపోయింది.

దీనికి రివర్స్‌లో జరిగిందీ ఉంది. మోటరోలా అండతో పుట్టిన ఇరిడియం, ఉపగ్రహాల ద్వారా భూమ్మీద ఎక్కడినుంచైనా ఫోన్ చేసుకోవచ్చు అనే ఐడియా. 1980ల చివర్లో మొదలైంది, అప్పటికి సెల్‌ఫోన్ సిగ్నల్ ఎక్కడా సరిగా లేదు కాబట్టి ఐడియా అర్థవంతమైనదే. 66 ఉపగ్రహాలు పంపి 1998 నవంబరులో సేవ మొదలుపెట్టేసరికి చాలా ఊళ్ళకి సెల్ టవర్లు వచ్చేశాయి. వీళ్ళ ఫోన్ ఏమో ఇటుకంత బరువు, ధర వేల డాలర్లు, పైగా భవనం లోపల పనిచేయదు. 1999 ఆగస్టులో, ఏడాది కూడా తిరక్కుండానే దివాలా. దాదాపు 500 కోట్ల డాలర్లు పెట్టిన ఆ వ్యవస్థని తర్వాత కొత్తవాళ్ళు సుమారు రెండున్నర కోట్ల డాలర్లకి కొన్నారు, సైన్యం, ఓడలు, విమానాలు, టవర్ అందని చోట పనిచేసేవాళ్ళు, ఇలా వేరే దారి లేనివాళ్ళకే అమ్మారు, అది నిలబడింది. అవే ఉపగ్రహాలు, అదే టెక్నాలజీ. మారినవి రెండే, ఎవరికి అమ్ముతున్నారు, పెట్టిన డబ్బెంత.

మీ జాబితాలో ప్రతి తిప్ప పక్కనా ఒక వాక్యం రాయండి: "ఇది రెండేళ్ళ క్రితం కుదిరేది కాదు, ఇప్పుడు కుదురుతుంది, ఎందుకంటే..." ఆ వాక్యం పూర్తి కాకపోతే ఐడియా చెడ్డదని కాదు, కానీ మీకంటే ముందు వచ్చినవాళ్ళ గురించి ఇంకాస్త వెతకాల్సి ఉందన్నమాట.

4. సగానికి పైగా కొట్టేయండి

మొహమాటం లేకుండా. డబ్బు ఎవరిస్తారు? వాడేవాళ్ళూ డబ్బు కట్టేవాళ్ళూ ఒకరేనా? పిల్లలు వాడేదానికి తల్లిదండ్రులు కడతారు, ఉద్యోగులు వాడేదానికి యజమాని కడతాడు, అలాంటప్పుడు ఇద్దర్నీ ఒప్పించాలి, పని రెట్టింపు. ఈ ఇబ్బంది ఎంత తరచుగా వస్తుంది? రోజూ వచ్చేదైతే జనానికి మీరు గుర్తుంటారు, నాలుగేళ్ళకోసారి వచ్చేదైతే అది వచ్చిన రోజున మీరు వాళ్ళ కంటబడాలి, దానికి ప్రకటనల ఖర్చు చాలా అవుతుంది. ఆ మనుషులు గుంపుగా ఎక్కడైనా దొరుకుతారా, ఒక సంఘంలోనో, ఒక గ్రూపులోనో, ఒక వీధిలోనో? "నా కస్టమర్లు అందరూ" అని రాశారంటే కొట్టేయండి, లేదా మళ్ళీ రాయండి. ఫేస్‌బుక్ కూడా 2004లో ఒక్క యూనివర్సిటీ విద్యార్థులతోనే మొదలైంది.

పోటీ ఉందని మాత్రం కొట్టేయకండి. పోటీ లేకపోవడమే నాకు ఎక్కువ అనుమానంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ డబ్బు పెట్టేవాళ్ళు లేరేమో అన్నది మొదటి అర్థం. గూగుల్ 1998లో వచ్చేసరికి సెర్చ్ ఇంజిన్లు బోలెడు ఉన్నాయి. వాటిని వాడుతూ విసిగిపోయినవాళ్ళూ బోలెడు మంది ఉన్నారు. మీరు జవాబు చెప్పాల్సింది వేరే ప్రశ్నకి: ఇప్పుడు వాడుతున్నదాన్ని వదిలి మీ దగ్గరికి ఎందుకు రావాలి? "మాది కొంచెం చవక, కొంచెం అందంగా ఉంటుంది" అంటే చాలదు. అలవాటు మార్చుకోవడం ఎవరికైనా కష్టమే. ఇంకో మాట, మీ అసలు పోటీ చాలాసార్లు ఇంకో కంపెనీ కానే కాదు, ఆ ఎక్సెల్ షీటూ, "ఇలాగే నడిచిపోతోందిలే" అనే సర్దుబాటూ.

ఇవన్నీ అయ్యాక మూడో నాలుగో మిగిలితే సరిపోతుంది.

5. మనుషులతో మాట్లాడండి, మీ ఐడియా మాత్రం చెప్పకండి

చాలామంది తడబడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఒక ఉదాహరణ అనుకుందాం: ఫిజియోథెరపీ క్లినిక్‌లలో అపాయింట్‌మెంట్ తీసుకుని రాని పేషెంట్లు ఎక్కువ, ఆ సమయం వృథా అవుతోంది, ముందుగా గుర్తుచేసి, రాలేమన్నవాళ్ళ స్థానంలో వేరేవాళ్ళని సర్దే సేవ పెడదామని మీ ఆలోచన.

మీరు వెళ్ళి "ఇలాంటి యాప్ ఒకటి చేస్తున్నాం, మీరు వాడతారా?" అని అడిగితే, పదిమందిలో ఎనిమిది మంది "ఓ, బాగుంది, తప్పకుండా" అంటారు. ఎదురుగా ఆశగా చూస్తున్న మనిషిని నిరుత్సాహపరచడం ఎవరికి ఇష్టం? నోటి మాటకి ఖర్చు లేదు కదా. ఆ ఎనిమిది మంది మాటలు నమ్మి మీరు ఏడాది కష్టపడతారు, తర్వాత వాళ్ళే ఫోన్ ఎత్తరు.

భవిష్యత్తు గురించి అడగకండి, జరిగినదాని గురించి అడగండి. "పోయిన వారం అపాయింట్‌మెంట్ ఇచ్చి రానివాళ్ళు ఎంతమంది ఉంటారండీ?" "అప్పుడు ఆ గంటలో ఏం చేశారు?" "అలా జరక్కుండా ఇంతకుముందు ఏమైనా ప్రయత్నించారా?" "ఆ పద్ధతి ఎందుకు మానేశారు?" ఈ నాలుగు ప్రశ్నలకి వచ్చే జవాబుల్లో తేడా చూడండి. ఒకాయన "అప్పుడప్పుడు రారు, ఏం చేస్తాం, ఆ టైమ్‌లో కాస్త టీ తాగుతాం" అన్నాడు. ఇక్కడ మీకు పని లేదు. ఇంకొకావిడ "మా రిసెప్షనిస్ట్ రోజూ సాయంత్రం గంటసేపు ఫోన్లు చేస్తూనే ఉంటుంది, పోయిన ఏడాది ఒక సాఫ్ట్‌వేర్ కొన్నాం కానీ అది మా రిజిస్టర్‌తో కలవదు, మూడు నెలలకే వదిలేశాం" అంది. ఈవిడ ఇప్పటికే జీతం రూపంలో కడుతోంది, ఒకసారి కొనుక్కుని చూసింది కూడా. మీ కస్టమర్ ఈవిడే, ఆయన కాదు, ఇద్దరూ ఒకే వీధిలో ఒకే రకం క్లినిక్ నడుపుతున్నా సరే.

మాట్లాడేటప్పుడు పది నిమిషాల్లో ఎనిమిది నిమిషాలు వాళ్ళే మాట్లాడాలి. మధ్యలో మీకు "అయ్యో, మా ఐడియా సరిగ్గా దీనికే!" అని చెప్పేయాలనిపిస్తుంది, నోరు అదుపులో పెట్టుకోండి. మీరు చెప్పిన మరుక్షణం వాళ్ళు మీకు నచ్చేలా మాట్లాడటం మొదలుపెడతారు. వీలైతే వాళ్ళు ఆ పని చేస్తుండగా పక్కన కూర్చుని చూడండి, మనుషులు తాము చేసేదంతా చెప్పలేరు, కొన్ని చేతికి అలవాటైపోయి వాళ్ళకే కనిపించవు.

ఎంతమందితో? ఒకే రకం మనుషులు పది పదిహేను మంది. జవాబులు మళ్ళీ మళ్ళీ అవే వస్తున్నాయనిపిస్తే ఆపొచ్చు. పదిహేను మందీ పదిహేను రకాలుగా చెప్తున్నారంటే మీరు వేర్వేరు రకాల మనుషుల్ని ఒకే గుంపు అనుకుంటున్నారని అర్థం. బంధువుల్నీ ప్రాణస్నేహితుల్నీ ఈ లెక్కలోకి తీసుకోకండి, వాళ్ళు మీ మీద ప్రేమతోనో భయంతోనో మాట్లాడతారు, ఐడియా మీద మాట్లాడరు. ఆన్‌లైన్ సర్వే ఫారాలు కూడా ఈ దశలో వద్దు, ఫారంలో "ఎందుకు?" అని తిరిగి అడగలేరు.

చివర్లో ఒక చిన్న పరీక్ష పెట్టండి. "దీని మీద ఏదైనా మొదలుపెడితే ముందు మీ దగ్గర రెండు వారాలు ప్రయత్నించొచ్చా?" లేదా "ఇదే ఇబ్బంది ఉన్న ఇంకొకరి నంబర్ ఇస్తారా?" వాళ్ళు తమ సమయమో, పరిచయమో, డబ్బో ఇవ్వడానికి సిద్ధపడితేనే అది ఆసక్తి. "ఆల్ ది బెస్ట్" అంటే మర్యాద.

ఐడియా దొంగిలిస్తారేమోనని టెన్షన్ పడేవాళ్ళకి: ఎవరి పనులు వాళ్ళకున్నాయి, మీ ఐడియా కోసం ఉద్యోగం మానేసేవాళ్ళు దాదాపు ఉండరు, పైగా పైన చెప్పిన పద్ధతిలో మీరు ఐడియా చెప్పడమే లేదు. పేటెంట్ తీసుకోదగ్గ కొత్త పరికరమో ప్రక్రియో మీ దగ్గరుంటే మాత్రం ఆ సంగతి వేరు. చాలా దేశాల్లో దరఖాస్తుకు ముందే బయటపెడితే హక్కు పోతుంది కాబట్టి ముందు లాయర్‌ని కలవండి.

6. కాగితం మీద లెక్క

"ఈ మార్కెట్ లక్ష కోట్లది, అందులో ఒక్క శాతం వచ్చినా చాలు" అనే లెక్క వద్దు. ఆ ఒక్క శాతం ఎక్కడినుంచి వస్తుందో అందులో ఉండదు. కిందినుంచి పైకి లెక్క వేయండి. ఏ దేశం డబ్బయినా ఫరవాలేదు, అంకెలు చూడండి.

ఒక్కో క్లినిక్ దగ్గర నెలకి 100 తీసుకుంటారనుకుందాం. మెసేజ్‌లు, ఫోన్లు, పేమెంట్ ఫీజులు కలిపి ఒక్కో క్లినిక్‌కి మీకయ్యే ఖర్చు 30. మిగిలేది 70. మీ సొంత ఖర్చులు, ఇతరత్రా కలిపి నెలకి 7,000 కావాలి. అంటే 100 క్లినిక్‌లు ఉంటేనే మీరు నీళ్ళపైన తేలతారు. నెలకి 20 క్లినిక్‌లు తిరగగలిగి, ఐదింటిలో ఒకటి ఒప్పుకుంటే నెలకి 4. ఒక్కటీ వదిలిపోకపోయినా 100కి చేరడానికి 25 నెలలు. మొదటి మెట్టులో "ఏడాది ఆగగలను" అని రాసుకున్నారా? అయితే ఈ రూపంలో ఈ ఐడియా కుదరదు.

ధర పెంచితే? అది క్లినిక్‌కి ఎంత మిగిలిస్తుందో చూడాలి. నెలకి 10 అపాయింట్‌మెంట్లు పోగొట్టుకుంటున్న క్లినిక్, ఒక్కోటి 40 అనుకుంటే పోయేది 400. మీరు సగం కాపాడితే 200. దాన్నుంచి 200 అడిగితే ఎవరిస్తారు? అదే నెలకి 30 పోగొట్టుకునే పెద్ద క్లినిక్ అయితే పోయేది 1,200, మీరు కాపాడేది 600, అక్కడ 200 అడిగితే సంతోషంగానే ఇవ్వొచ్చు. మెసేజ్‌లు ఎక్కువ కాబట్టి మీ ఖర్చు 50 అనుకున్నా 150 మిగులుతుంది, 47 క్లినిక్‌లు చాలు, అదే వేగంతో దాదాపు ఏడాది. ఇప్పుడు ఐడియా బతికింది, పైగా చిన్న క్లినిక్‌ల జోలికి వెళ్ళకూడదని కూడా తేలింది. కాగితం మీద ఇరవై నిమిషాల పని ఇది.

ఇంకో రెండు అంకెలు. ఒక కస్టమర్‌ని తెచ్చుకోవడానికి ఎంతవుతుంది, ఎన్నాళ్ళు ఉంటాడు? నెలకి 150 మిగిలే చోట, కస్టమర్‌ని తేవడానికి 750 అయితే ఐదు నెలలకి ఆ ఖర్చు తిరిగొస్తుంది. సగటున నాలుగు నెలలకే వదిలేస్తున్నారంటే, కస్టమర్లు పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. తర్వాత చేతికి డబ్బు ఎప్పుడొస్తుందన్నది. ఇవాళ మీరు ఖర్చుపెట్టి, రెండు మూడు నెలలకి వాళ్ళు చెల్లించే వ్యాపారంలో కాగితం మీద లాభం ఉన్నా చేతిలో డబ్బు లేక మూతపడొచ్చు.

7. ఏది అబద్ధమైతే మొత్తం కూలుతుందో దాన్నే ముందు పరీక్షించండి

ప్రతి ఐడియా కింద కొన్ని నమ్మకాలు ఉంటాయి. మన ఉదాహరణలో: గుర్తుచేస్తే పేషెంట్లు వస్తారు, ఖాళీ అయిన సమయంలోకి వేరేవాళ్ళు దొరుకుతారు, క్లినిక్ దీనికి డబ్బిస్తుంది, సాఫ్ట్‌వేర్ తయారుచేయగలం. చాలామంది చివరిదానితో మొదలుపెడతారు, ఎందుకంటే అది వాళ్ళకి వచ్చిన పని. కానీ అందులో అనుమానమే లేదు, మెసేజ్ పంపే సాఫ్ట్‌వేర్ ఎవరైనా చేస్తారు. అనుమానం రెండోదీ మూడోదీ. వాటినే పరీక్షించాలి, అదీ సాఫ్ట్‌వేర్ లేకుండా. ఒప్పుకున్న రెండు క్లినిక్‌లలో వాళ్ళ అనుమతితో, పేషెంట్ల వివరాలు బయటికి పోకుండా జాగ్రత్తపడుతూ, రెండు వారాలు మీరే ఫోన్లు చేయండి, మీరే ఖాళీలు సర్దండి. నామమాత్రంగానైనా డబ్బు తీసుకోండి. ఉచితమంటే ఎవరైనా సరేనంటారు.

చేత్తో చేసి చూడటం అవమానమేమీ కాదు. 1999లో ఆన్‌లైన్‌లో బూట్లు అమ్మే జాపోస్ మొదలైనప్పుడు దాని వ్యవస్థాపకుడు నిక్ స్విన్‌మర్న్ దగ్గర ఒక్క జత చెప్పుల స్టాక్ కూడా లేదు. దుకాణాలకి వెళ్ళి బూట్ల ఫోటోలు తీసి వెబ్‌సైట్‌లో పెట్టాడు, ఎవరైనా ఆర్డరిస్తే దుకాణంలో పూర్తి ధరకి కొని పంపాడు. ఒక్కో ఆర్డర్‌లో లాభం లేదు, కానీ తొడుక్కుని చూడకుండా జనం బూట్లు కొంటారా అన్న ప్రశ్నకి జవాబు వచ్చింది. 2009లో దాన్ని అమెజాన్ కొంది.

తయారుచేయడానికి చాలాకాలం పట్టేదైతే ఇంకో దారి ఉంది. ఫైళ్ళని ఇంటర్నెట్‌లో దాచుకునే సేవ డ్రాప్‌బాక్స్ వ్యవస్థాపకుల్లో ఒకడైన డ్రూ హౌస్టన్ అది ఎలా పనిచేస్తుందో చూపించే చిన్న వీడియో పెట్టాడు. 2008లో పెట్టిన ఒక వీడియోతో వేచి ఉన్నవాళ్ళ జాబితా రాత్రికి రాత్రి 5,000 నుంచి 75,000కి పెరిగింది. బఫర్ అనే సోషల్ మీడియా టూల్ 2010లో రెండు పేజీల వెబ్‌సైట్‌తో మొదలైంది, మొదటి పేజీలో ఏం చేస్తుందో రాసుంది, నొక్కితే ఇంకా తయారుకాలేదు, ఈమెయిల్ ఇవ్వండి అని ఉంది. కొందరు ఈమెయిల్ ఇచ్చారని చూశాక, ఆ రెండు పేజీల మధ్యలో ధరల పేజీ ఒకటి పెట్టి చూశారు, ధర చూశాక కూడా ముందుకెళ్ళేవాళ్ళు ఉన్నారని తెలిశాకే తయారీ మొదలుపెట్టారు. ఆ మధ్యలో పెట్టిన పేజీయే నాకు నచ్చిన భాగం. ఈమెయిల్ ఇవ్వడం సులువు, ధర చూసి ఆగకపోవడం వేరు.

ఒక హద్దు మాత్రం దాటకండి. లేనిది ఉందని చెప్పి డబ్బు తీసుకోవద్దు. ముందస్తుగా తీసుకుంటే ఎప్పటికి ఇస్తారో, ఇవ్వలేకపోతే ఎలా తిరిగిస్తారో ముందే చెప్పండి. వైద్యం, అప్పులు, బీమా, పిల్లల సంరక్షణ లాంటి రంగాల్లో లైసెన్స్ లేకుండా "ఊరికే పరీక్షించి చూస్తున్నాం" అంటే చట్టం ఒప్పుకోదు, అక్కడ పరీక్షకి ముందే నిబంధనలు చూసుకోవాలి.

పరీక్ష మొదలుపెట్టకముందే ఎంత వస్తే పాస్ అన్నది రాసి, తేదీ వేసి, ఇంకొకరికి చూపించండి. "పది క్లినిక్‌లని అడుగుతాను, కనీసం మూడు ఈ నెలాఖరుకి డబ్బు కట్టాలి" అన్నంత స్పష్టంగా. ముందు రాయకపోతే ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే, ఒక్కరు కట్టినా "మొదట్లో అంతేలే" అనుకుంటాం.

8. తేల్చండి

మిగిలిన రెండు మూడు ఐడియాలని పోల్చడానికి చాలామంది మార్కుల పట్టిక వేస్తారు, ప్రతిదానికీ పదికి ఇన్ని అని, చివర్లో కూడతారు. నేను కూడను. మార్కెట్‌కి తొమ్మిది, టీమ్‌కి తొమ్మిది, "డబ్బు కడతారా" అన్నదానికి రెండు వస్తే సగటు బాగానే కనిపిస్తుంది, వ్యాపారం మాత్రం నడవదు. ప్రతి ఐడియాలో అన్నిటికంటే బలహీనమైన చోటు ఏదో చూడండి, ఏ ఐడియా బలహీనత మీరు సరిచేయగలిగిందో దాన్ని తీసుకోండి. ఇంకో ప్రశ్న కూడా అడుక్కోండి: ఈ రకం మనుషులతో ఐదేళ్ళు రోజూ మాట్లాడటం మీకు ఇష్టమేనా? వాళ్ళంటేనే విసుగైతే లెక్కలన్నీ కుదిరినా వదిలేయడం మేలు.

ఫెయిల్ అయితే ఐడియా మొత్తాన్ని పారేయక్కర్లేదు. తిప్ప నిజమే కానీ మీ పరిష్కారం తప్పా, పరిష్కారం సరైనదే కానీ తప్పు మనుషులకి చూపించారా అన్నది విడదీసి చూడండి. గ్లిచ్ అనే ఆన్‌లైన్ గేమ్ 2012లో మూతపడింది, కానీ ఆ గేమ్ తయారుచేసేటప్పుడు టీమ్ తమ మధ్య మాట్లాడుకోవడానికి చేసుకున్న పనిముట్టు బాగా ఉపయోగపడింది, అదే తర్వాత ఆఫీసు టీమ్‌లు మాట్లాడుకోవడానికి వాడే స్లాక్ అయింది. మీ పరీక్షలో కూడా పక్కన ఇలాంటిదేదైనా దొరికిందేమో నోట్స్ తిరగేయండి.

పాస్ అయితే సరే. ఎక్కువసార్లు వచ్చేది మాత్రం మధ్యలో ఫలితం: మూడు అనుకుంటే రెండు వచ్చాయి. అప్పుడు ఆ ఎనిమిది మంది ఎందుకు కాదన్నారని తల పట్టుకోకండి, కట్టిన ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరికీ రోజుకి పేషెంట్లు ఎక్కువా? ఇద్దరి దగ్గరా రిసెప్షనిస్ట్ ఒక్కరే ఉన్నారా? ఇద్దరూ ఇంతకుముందు ఏదో సాఫ్ట్‌వేర్ కొని వదిలేశారా? ఏది కలిస్తే అది పట్టుకుని, సరిగ్గా అలాంటి క్లినిక్‌లే ఇంకో పది వెతికి, అదే ధరకి, అదే పాస్ మార్కుతో, కొత్త తేదీ వేసి మళ్ళీ అడగండి. ఈసారి కూడా రెండే వస్తే నోట్స్‌లో తర్వాతి తిప్పకి వెళ్ళండి.